బజ్జీల కాగితం పడవ

పైపు మూతికి మళ్లీ కాగితం పడవ అడ్డం పడింది.

బుజ్జిబాబు విసుక్కుంటూ దాన్ని వేళ్లతో లాగాడు. సంతలో బజ్జీలు కట్టిచ్చే కాగితం. నూనె పీల్చుకుని ఉంది కాబట్టి నీళ్లకు నానలేదు.

"నాన్నా, చింపీకు! నాదది!"

కూతురు సాయిదుర్గ పరుగెత్తుకొచ్చి లాక్కుంది. కొండకేసి తిరిగి, చేతులు నోటికి అడ్డం పెట్టి, "కూ... తాతా, వచ్చిందీ!" అని అరిచింది.

పైనుంచి ఒక కూత బదులొచ్చింది. రోజూ ఇదే తంతు.

"ఎవులే ఆడు?"

"పడవల తాత."

"పనీపాటా లేని ముసలోడు."

వంటింటి గూటి నిండా ఆ పడవలే. అతని భార్య అనురాధ ఒకదాంట్లో ఎండుమిరపకాయలు పోసుకుంది, ఇంకోదాంట్లో కూతురి జడపిన్నులు పడేసింది.

బుజ్జిబాబు బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాడు. ఇంటి వెనక గెడ్డ, అంటే కొండవాగు, ఉందనే ఈ ఇల్లు అద్దెకు తీసుకుని, దానికి పైపు పెట్టి, పెరడంతా కాఫీ నారు పోశాడు. నారు బతికితేనే ఇల్లు గడుస్తుంది. నడివేసవిలోనూ గెడ్డ ఎండలేదు. ఎందుకు ఎండలేదని అతను ఎవర్నీ అడగలేదు. మైదానం నుంచి వచ్చినవాడికి కొండ మీద ప్రతిదీ ఊరికే పుట్టినట్టే కనిపిస్తుంది.

శనివారం హుకుంపేట సంతలో, బజ్జీల బండి దగ్గర, ఒక ముసలివాడు జనం పారేసిన కాగితాలు ఏరుకుంటున్నాడు. సాయిదుర్గను చూసి మెల్లగా "కూ" అన్నాడు.

"నువ్వేనా పడవలు వదిలీది?" అన్నాడు బుజ్జిబాబు.

"నానే బాబు. సుక్రుని. నీళ్లు బాగా వత్తన్నాయా?"

"గెడ్డన్నాక రాకేటి సేత్తాయి? నువ్వేటైనా తోలతన్నావా?"

బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలివాడూ నవ్వాడు.

"పడవ సేరితే మీ గుంట కూత్తాది బాబు. అది ఇనపడితే నాకు..."

"నీకు కాలచ్చేపం, నా పైపుకి అడ్డం. మల్లీ కాగితం కనబడిందంటే ఊరుకోను."

సుక్రు చేతిలోని కాగితాల వంక చూసుకున్నాడు.

"సర్లే బాబు," అన్నాడు.

పడవలు ఆగిపోయాయి. సాయిదుర్గ పైపు దగ్గర కూర్చుని కూర్చుని లేచిపోయేది. నీళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఒకరోజు పెద్ద వాన పడింది. వానకు పెరగాల్సిన గెడ్డ, మర్నాటికి ఎండిపోయింది.

నాలుగు రోజులు చూశాడు. నారు తలలు వాల్చేసింది. ఇక లాభం లేదని గునపం భుజాన వేసుకుని, తడి జాడ పట్టుకుని కొండెక్కాడు.

మొదటి గట్టు దాటగానే కాళ్లు ఆగిపోయాయి.

అది గెడ్డ కాదు.

కొండ నడుం చుట్టూ మొలతాడు కట్టినట్టు, మనిషి తవ్విన కాలువ. నేల ఉన్నచోట రాళ్ల గట్టు. బండ అడ్డొచ్చినచోట బండనే తొలిచిన దారి. కింద లోయ తప్ప మరేమీ లేనిచోట, జీలుగు మానులు తొలిచి దోనెల్లా వేలాడదీశారు. సందుల్లో మెత్తిన బంకమట్టి మీద వేలిముద్రలున్నాయి, ఎండిపోయి, ఒకదాని మీద ఒకటి.

బుజ్జిబాబు కాలువ వెంబడే నడిచాడు.

కొండచరియ కూలినచోట ఒకతను మట్టి తీస్తున్నాడు. పై ఊరి మంగ్లు.

"ఎవులు తవ్వారిది? గవర్నమెంటోళ్లా?"

"మా పెదనాన్న సుక్రు. మీరున్న ఇంట్లో ఒకప్పుడు ఆళ్లే ఉండీవోళ్లు. మా పెద్దమ్మ నీళ్లు మొయ్యలేపోతందని ఒక్కడే తవ్వినాడు. ఆవిడ పోయినాక పైకొచ్చేసినాడు గానీ, కాలవని ఒగ్గలేదు."

"మరి ఆ పడవలు?"

"పడవ సేరిందంటే దారంతా బాగున్నట్టు. గుంట కూత ఇనపడకపోతే, ఎక్కడ తెగిందో ఎతుక్కుంటా దిగీవోడు."

"నాను పడవలొద్దన్నాక ఏటి సేసీవోడు?"

"రోజూ మీ ఇంటెనకాల దాకా దిగి, పైపులో నీళ్లు సూసుకుని ఎక్కీవోడు. ఆ పెద్ద వానలో అలగే దిగినాడు. తడిసి జొరవొచ్చి పోయినాడు. నిన్ననే మట్టి సేసినాం."

"ఒక్కడైనా నాకు సెప్పకపోతిరేటి!"

"నీకు తెల్దని మాకేటి తెల్సు బాబు?"

బుజ్జిబాబు గునపం దించాడు. ఇద్దరూ మట్టి తీశారు. నీళ్లు కదిలాయి.

మంగ్లు బండ సందులోంచి, రాయి కింద అణిచిపెట్టిన పడవ ఒకటి తీసి అతని చేతికిచ్చాడు.

"ఒగ్గు. ఈడే నిలబడీవోడు. కూత ఇనపడితే, ఆ రోజుకి పనైపోయిందని ఇంటికి పోయీవోడు."

నూనె మరకల పడవ ఊగుతూ, దోనెలు దాటుతూ, మలుపు తిరిగి మాయమైంది. బుజ్జిబాబు చెవులు రిక్కించి నిలబడ్డాడు, సుక్రు రోజూ నిలబడే చోటే.

చాలాసేపటికి, లోయ అడుగు నుంచి, సన్నగా వినిపించింది.

"కూ... తాతా, వచ్చిందీ!"