లవంగాల వాన

“ఇంతకీ ఈ ‘నువ్వు’ ఎవరండీ?”

వెనక వరసలోంచి వచ్చిన ప్రశ్నకి హాలంతా గొల్లుమంది. హర్జాంతో అనే ఆ కవిగారి చేతిలో మైకు జారబోయింది.

యోగ్యకర్త ఊళ్లో కొత్త పుస్తకం మీద సభ పెడితే దాన్ని ‘పుస్తకానికి కోత’ అంటారు. ఆ పూట బల్ల మీద పడుకున్నది మాత్రం పుస్తకం కాదు, కవిగారే. పన్నెండేళ్లుగా ఒక్క పాదమైనా రాల్చని అరవై అయిదేళ్ల పెద్దకవి, ఉన్నట్టుండి నలభై ప్రేమ కవితలతో ‘లవంగాల వాన’ అచ్చేస్తే జనం ఊరుకుంటారా? ఈ ప్రశ్న భార్య ముందు రాకూడదని పొద్దుటినుంచీ దేవుడికి మొక్కుతూనే ఉన్నాడు. ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం మూడు నెలలుగా అతనికి లేదు.

ఆ భార్య వినర్సి ముందు వరసలోనే కూర్చుని, సభవాళ్లిచ్చిన లెంపర్ అన్నం ముద్దకి చుట్టిన అరిటాకు తీరిగ్గా విప్పుకుంటోంది.

“కల్పనండీ... అంతా కల్పన,” అన్నాడు హర్జాంతో.

“కల్పన స్కూటర్ నడుపుతుందా?” బతిక్ బట్టల కొట్టు ఎండాంగ్ లేచింది. “‘వానలో నీ స్కూటర్ వెనక, నీ వీపుకి చెంప ఆనించి’ అని రాశారుగా! మొన్న వానలో తమర్ని ఎక్కించుకెళ్లింది నేనే!”

“నువ్వు ఊరందర్నీ ఎక్కించుకుంటావులేవమ్మా,” అంది నాట్యం నేర్పే రెత్నో. “‘నీ వేళ్లకి లవంగాల వాసన’ అన్నది చదవలేదా? లవంగనూనె రాసుకునేది నేను!”

“అది పన్నునొప్పికి కదే! పన్నునొప్పి మీద కూడా కవిత్వమా?”

గుమ్మం దగ్గర లవంగం సిగరెట్లు కాలుస్తున్న మగాళ్లు ఈలలు వేశారు. హర్జాంతో దొంగచూపుతో భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వుతూ నములుతోంది. ఆ నవ్వు చూసి అతనికి చెమటలు పట్టాయి.

గొడవ చల్లార్చడానికి అధ్యక్షుడు ఒక కవిత చదవమన్నాడు.

“నీ గడ్డం కింద గాటు... గాటు...” కవిగారు పేజీలో దారి తప్పారు.

“‘నా పెదవికి మాత్రమే తెలిసిన గాటు’,” పుస్తకం చూడకుండానే అందించింది వినర్సి.

హాలు చప్పట్లతో మోగిపోయింది.

“ఇల్లాలంటే అదీ! మొగుడు ఎవత్తె మీదో రాస్తే అది కూడా కంఠతా పట్టింది,” అంటూ ఎండాంగ్ ముక్కు మీద వేలేసుకుంది. ఆ వెంటనే ఆవిడా రెత్నో ఒకరి గడ్డం ఒకరు తనిఖీ చేసుకున్నారు. గాటు ఎవరికీ లేదు.

సభ ముగిసి మొగుడూ పెళ్లాలు స్కూటరెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. వినర్సి వెనక కడ్డీ పట్టుకుని, అతనికి జానెడు దూరంలో కూర్చుంది.

“బాగానే చదివారు,” అంది.

హర్జాంతో సందు మలుపులో బండి ఆపేశాడు. సభలో పరువు దక్కింది, ఇక తేలాల్సింది కాపురం సంగతి. వెనక్కి తిరిగే ధైర్యం లేక, హ్యాండిల్ కేసి చూస్తూ అడిగాడు.

“ఇప్పుడైనా చెప్పు వినర్సీ, ఈ పుస్తకం నువ్వు ఎవడి మీద రాశావు?”