ఆదిమూలం వాంగ్మూలం

"పాపా, 'ఫోటో తీసింది నేనే' అని మొదులుపెట్టు. తక్కినదంతా నిదానంగా చెప్తా."

లాప్‌టాప్ మీద శ్రీప్రియ వేళ్ళు ఆగిపోయాయి. "ఏ ఫోటో తాతా?"

"మీ పేపర్లో ఏసినారే, అదే. ట్యాంకు రిజిస్టరుది."

ఆదిమూలం మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడతాడు. యూనివర్సిటీ పంపు గదిలో ముప్పైరెండేళ్ళు మోటార్లు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడా ఉద్యోగం కొడుకు కోదండరాం చేస్తున్నాడు. కోదండరాం కూతురు శ్రీప్రియ అక్కడే ఎం.ఏ. చదువుతూ, నలుగురు స్నేహితులతో కలిసి 'థర్డ్ గేట్' అనే ఆన్‌లైన్ పత్రిక నడుపుతోంది. యూనివర్సిటీ అనుమతి లేని పత్రిక. వాళ్ళు అడగనూ లేదు.

పోయిన నెల లేడీస్ హాస్టల్లో పదకొండు మందికి కామెర్లు వచ్చాయి. నీళ్ళ ట్యాంకు ప్రతి నెలా కడిగిస్తున్నామనీ, రిజిస్టరులో సూపర్‌వైజర్ సంతకాలున్నాయనీ అధికారులు చెప్పారు. రెండ్రోజులకే 'థర్డ్ గేట్'కి ఎవరో ఆ రిజిస్టరు ఫోటో పంపారు. అప్పటికింకా అక్టోబరే. రిజిస్టరులో మాత్రం డిసెంబరు దాకా 'కడిగించాం' అని సంతకాలు పడిపోయి ఉన్నాయి. శ్రీప్రియ దాన్ని ప్రచురించింది.

ట్యాంకు కడిగారు. దాంతోపాటే, ఫోటో బయటికి ఇచ్చాడన్న అనుమానంతో ట్యాంకులు కడిగే కాంట్రాక్టు మనిషి చిన్నతంబిని పనిలోకి రావద్దన్నారు. రేపు, సోమవారం, విచారణ. ఇచ్చిందెవరో తేలకపోతే అతని పని పోయినట్టే.

"నిన్న చిన్నతంబి పెండ్లాము వాసంతి వచ్చి ఏడ్చి పొయ్యిందే, అప్పుట్నించి నాకు అన్నం దిగలా," అన్నాడు ఆదిమూలం.

"ఎవురు పంపినారో నాకే తెలీదని ఆయమ్మకి చెప్పినా తాతా. మా సైటులో ఫోటో పెట్టేవాళ్ళు పేరు చెప్పే పన్లేదు. ఎవురూ భయపడకూడదని మేమే అట్టా పెట్టినాము."

"మంచి ఏర్పాటే. ఇప్పుడు పేరు నేనే చెప్తా ఉండా గదా, రాయి."

శ్రీప్రియ రాయలేదు. ఎవరు ఏం చెప్పినా అడ్డు ప్రశ్నలు వేయకుండా నమ్మకూడదన్నది 'థర్డ్ గేట్' పద్ధతి. తాతకు మినహాయింపు ఇవ్వాలని ఆమెకు అనిపించలేదు.

"రిజిస్టరు నీకెట్టా దొరికింది?"

"దినామూ మద్యానం మీ నాయనకి క్యారియర్ తీసకపోతా గదా. పంపు గదిలో మేకుకి ఏలాడతా ఉంటాది. వాడు చేతులు కడుక్కొనేదానికి పొయ్యినప్పుడు తీసినా."

"నీకు ఇంగ్లీషు చదివేది రాదే?"

"నెంబర్లు వస్తాయి. ఆడ పన్నెండో నెల అని ఉన్నింది. మనం ఉన్నింది పదో నెలలో. ఇది తెలిసేదానికి కాలేజీకి పోవాల్నా?"

"సరి, మా సైటుకి ఎట్టా పంపినావు?"

"గోడలకంతా గళ్ళ బొమ్మ అంటించి పెట్టినారే, దానికి ఫోను చూపించినా. నువ్వేమో పెద్ద లాయరు మాదిరి అడగతా ఉండావే!"

శ్రీప్రియకు నవ్వొచ్చింది. అయినా ఒక ప్రశ్న మిగిలింది. "రిజిస్టరు పక్కన ఇంకేముండాది?"

ప్రచురించేటప్పుడు ఫోటో అంచు కత్తిరించేశారు. అక్కడ ఏముందో పంపిన మనిషికి తప్ప బయటివాళ్ళెవరికీ తెలిసే వీల్లేదు.

"పసుపు టార్చి," అన్నాడు ఆదిమూలం నిదానంగా. "అద్దం పగిలిపొయ్యినది."

శ్రీప్రియ లేచి వచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు తాతా?"

"భయం పాపా. మాట బయటికి రాలా."

"ఇప్పుడు నిన్నేమన్నా చేస్తే?"

"ఏం చేస్తారు? పన్లోనించి తీసేదానికి నాకు పనుండాల గదా!"

యూనివర్సిటీ ఉన్నది తమిళనాడులో, విచారణ జరిగేది తమిళంలో; అందుకే ఆయన ఇంటి తెలుగులో చెబుతుంటే ఆమె తమిళంలో టైపు చేసింది. తేదీ, సమయం, క్యారియర్, మేకు, టార్చి. చివర ఆదిమూలం గొంతు సవరించుకున్నాడు. "చిన్నతంబి ట్యాంకులో దిగి కడిగేవాడు. ఆ రిజిస్టరు కంటితో కూడా చూసిండడు. వాణ్ణి పన్లోకి పిలవండి. అంతే రాయి."

శ్రీప్రియ ముక్కు తుడుచుకుంది. "నాయన ఊరుకోడు తాతా. పేపరు మూసెయ్యమని అరిచినాడు, ఆ తర్వాత వారం దినాలుగా నాతో మాటే లేదు. నువ్వే తీసినావని తెలిస్తే ఇల్లు రెండు చేస్తాడు."

"వాడికి నీ మింద కోపం లేదు లే."

"లేకేం? నా మొగం చూడ్డు. నిన్న వాసంతక్క వచ్చినప్పుడు కూడా లోపలికి పొయ్యి తలుపేసుకున్నాడు. పాపం అని ఒక్క మాట అనలేదు."

ఆదిమూలం ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ప్రింటు తీసకరా, సంతకం పెడతా. సాయంత్రం మీ నాయన డ్యూటీ దిగి వస్తానే ఇది చదివి వినిపించు. ఒగసారి కాదు, రెండు మాట్లు. రేపు వాణ్ణి కూడా పిలస్తారు, నా మాటకీ వాడి మాటకీ తేడా రాకూడదు."

"నాయన చేతులు కడుక్కొనేదానికి గదా పొయ్యినాడు. ఆయనకేం తెలుసు తాతా?"

"పాపా, ఫోటో తీసింది వాడే."