నిలబడే మీటింగు

"మా ఆయన్ని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోండి సార్," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకుండానే.

డైరెక్టరు చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. ఇంటి దగ్గర లిఫ్టులో ఎదురుపడితే నవ్వి తలూపడమే తప్ప, ఆవిడతో అతను ఎప్పుడూ మాట్లాడింది లేదు.

ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. జనరల్ మేనేజరు పదవి చేతికందబోతుంటే కాదనుకుని, జీవితానికి అర్థం కుటుంబంలోనే ఉందంటూ మొగుడు రాజీనామా చేసి వచ్చేశాడు. ఆరోజు ఆవిడ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. ఆయన ఇంటిపట్టున ఉంటే చాలని ఇన్నేళ్ళూ కలలు కన్నది తనే మరి.

మర్నాడే మొదలైంది. తెల్లారీ తెల్లారకముందే ఇంటిల్లిపాదీ వాషింగ్ మెషీన్ పక్కన వరసగా నిలబడాలి. కూర్చుంటే మీటింగు సాగిపోతుందట. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డంకులేమిటి, ఒక్కొక్కరే చెప్పాలి. మామగారు తన అడ్డంకి మోకాళ్ళ నొప్పులంటే, ఎప్పట్లోగా తగ్గిస్తారని అడిగాడు. ఈమధ్య సరిగ్గా నవ్వడం లేదని కూతురికి మెమో ఇచ్చాడు. మధ్యాహ్నాలు ఆవిడ తన మానాన తను వాయించుకునే వయొలిన్‌లో కూడా ప్రగతి ఎంతో చెప్పమంటున్నాడు.

"నాకు ఆయనంటే ప్రాణం సార్. కానీ ఇలాగే సాగితే ప్రేమించే ఓపిక కూడా మిగలదు నాకు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

డైరెక్టరు లేచి వెళ్ళి తలుపు వేశాడు. అది మూసుకునేలోపు బయట హాల్లో ఎవరో కూనిరాగం తీయడం, ఇంకెవరో పకపకా నవ్వడం వినిపించాయి.

"మీ దగ్గర దాపరికం ఎందుకమ్మా. కుటుంబమే జీవితమని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది మేమే. ప్యూన్ దగ్గర్నుంచి నా దాకా, వంతులేసుకుని మరీ. ఇప్పుడు ఆఫీసుకి రావాలంటే నాకే హుషారుగా ఉంటోంది. ఆయన్ని మాత్రం తీసుకోలేను."

"మరి నా గతేంటి?"

"మీరూ అదే మంత్రం వెయ్యండి. మీలాంటివాళ్ళకి కుటుంబం ఏం సరిపోతుంది, నలుగురికీ సేవ చెయ్యడంలోనే అసలు అర్థం ఉందనండి. ఆ నలుగురెవరో వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు."

తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు గానీ మాట నచ్చింది.

భోజనాల దగ్గర ఆ మంత్రమే వేసింది. మొగుడి కళ్ళు మెరిశాయి. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి పదవి ఎవరూ ముట్టుకోక ఖాళీగానే పడి ఉంది. చెయ్యి కడుక్కుని నేరుగా అందుకోసమే వెళ్ళాడు.

ఆదివారం తెల్లారకముందే ఇంటింటికీ బెల్లు కొట్టి, అందర్నీ కింద పార్కింగులోకి దింపాడు. ఆవులిస్తూ, తిట్టుకుంటూ వరసగా నిలబడ్డారు జనం. కార్యదర్శి ఇంటివాళ్ళకి మినహాయింపు కాబట్టి, ఆవిడ వయొలిన్ పట్టుకుని బాల్కనీలోంచి వేడుక చూస్తోంది.

"ఊఁ, మూడో అంతస్తు వారు, మీ అడ్డంకులేమిటో చెప్పండి," అన్నాడు మొగుడు.

నోట్లోంచి బ్రష్షు తీసి, తల పైకెత్తి బాల్కనీ వంక దీనంగా చూశాడు డైరెక్టరు.