అటువైపు నుంచి చూస్తే

అల్లుడుగారికి, మీ జలుబు తగ్గిందా? మీ తోటి సర్వేయరు మోకాలు నయమైందా? సామాన్లు మోసే గుర్రం మేత మేస్తోందా?

ఈ కార్డు మంచు మీద నిలబడి చదవకండి. ఏదైనా రాయి చూసుకుని కూర్చోండి.

ఒకటే అని లెక్కేసిన మంచునది, కొండ అటువైపు ఎక్కి చూస్తే రెండని తేలిందనీ, ఆ సంబరంలో గంతులేశాననీ రాశారు. కాలు జారితే ఏం గాను?

"నీ అల్లుడికి ఒకటికీ రెండుకీ తేడా తెలీదే అమ్మా" అని మా అమ్మాయి పగలబడి నవ్వింది.

నిన్నటిదాకానే ఆ నవ్వు. నిన్న ఐదో నెల స్కానింగులో డాక్టరమ్మ మిషను అటువైపు తిప్పి, "వెనకాల ఇంకొకరు దాక్కున్నారండీ" అంది.

నేను అల్లింది ఒక్క టోపీయే, రెండోది ఇవాళే మొదలుపెట్టాను. గంతులు ఇక్కడికొచ్చి వేద్దురుగాని, ఐదో తారీఖుకల్లా మెల్లగా కొండ దిగి రండి.