నాలుగో షరతు

"జింకను చంపింది నువ్వే! ఈ వయసులో నీకు వేట కావాల్సొచ్చిందా? అది చాలక తుపాకీకి కెమెరా కట్టి సినిమా తీశావా?"

ఎస్సై శ్రీకృష్ణ బల్ల చరిచాడు. బల్ల మీదున్న తుపాకీ ఎగిరిపడింది.

ఎదురుగా స్టూలు మీద సుబ్బరావమ్మ. మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. అడవిపందుల్ని బెదరగొట్టడానికి మొగుడికి ఇచ్చిన తుపాకీ లైసెన్సు, అతను పోయాక ఆమె పేరుకు మారింది. ఒళ్ళో పురుగుమందుల కంపెనీ సంచి ఒకటి పెట్టుకుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"నేను చంపలేదయ్యా."

"ఈ తుపాకీ నీది కాదా?"

"నాదే. గొట్టం చివర ఆ రాగితీగ మా ఆయన చుట్టిందే. కాలిపోయిన బోరు మోటారులోది."

"విన్నారుగా సార్!" శ్రీకృష్ణ పక్కకు తిరిగాడు.

పక్క కుర్చీలో అటవీశాఖ రేంజరు ప్రసన్నకుమార్. వాడరేవులో ఒక గెస్టుహౌసు టీవీ కింద దొరికిన సీడీని ఎవరో జిల్లా ఆఫీసుకు పంపితే, అందులో కనపడే తుపాకీ ఎవరిదో తేల్చడానికి అది పట్టుకుని పొద్దున్నే జీపు దిగాడు. మళ్ళీ ఎప్పుడు జీపెక్కుతాడా అని శ్రీకృష్ణ అప్పట్నుంచీ చూస్తున్నాడు.

తుపాకీకి వేలాడుతున్న పేరు చీటీని రేంజరు తిప్పి చూశాడు. "స్వాధీనం చేసుకున్నారన్నమాట."

"ఆఁ, మా దగ్గరే ఉందండి."

శ్రీకృష్ణ లైసెన్సు పుస్తకం తెరిచి గట్టిగా చదివాడు. "నాలుగో షరతు. ఆయుధానికి ఏ పరికరమూ బిగించరాదు. బిగించిన యెడల లైసెన్సుదారుదే పూర్తి పూచీ."

ఫ్యాను కింద కూర్చుని రాసిన రూలు. కట్టిందెవరు, పేల్చిందెవరు అని అడగదు. పందులు రాత్రికి రాత్రి దున్నిపోసిన మిరపచేను దానికి కనపడదు. పుస్తకంలో పేరున్నవాళ్ళను పట్టుకుంటుంది, పేల్చిన చేతుల్ని వదిలేస్తుంది.

"జింకకొక కేసు, కెమెరాకొక కేసు. మూడేళ్ళకు తక్కువ పడదు. తెలుసా?"

మూడేళ్ళు. సుబ్బరావమ్మ కళ్ళ ముందు చేను బీడుపడి కనిపించినట్టుంది. సంచి మీద వేళ్ళు బిగిశాయి.

"కెమెరా ఎక్కడిదమ్మా?" రేంజరు మెల్లగా అడిగాడు.

"మా ఇంట్లో రేడియోకే బ్యాటరీల్లేవయ్యా. అయినా కెమెరా కట్టుకునిపోతే పంది ఫొటోకి నిలబడుద్దా?"

టీవీ దగ్గర నిలబడ్డ కానిస్టేబులు జక్రయ్య కిసుక్కుమన్నాడు.

"నోర్ముయ్! అద్దెకు తెచ్చుంటుంది సార్. సీడీ వెయ్యరా!"

తెర వెలిగింది. ఊగుతున్న తుపాకీ గొట్టం. చివర మెరుస్తున్న రాగితీగ. దాని ముందు, కట్టె పీకని పత్తిచేను. తెలతెలవారుతోంది. వంకర కొమ్ముల కృష్ణజింక ఒకటి తలెత్తి ఇటే చూసింది.

తుపాకీకి కట్టిన కెమెరా లోకాన్నంతా చూపిస్తుంది, తుపాకీ పట్టుకున్నవాణ్ణి తప్ప.

శ్రీకృష్ణ కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత తుపాకీ పేలింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు రేంజరు.

"ఎందుకు సార్, చూశాంగా."

జక్రయ్య అప్పటికే వేశాడు. రేంజరు తెర మూలకు వంగి చదివాడు. "పదకొండు, నాలుగు, రెండువేల నాలుగు."

"ఆ తేదీలు ఎవడు సరిగ్గా పెడతాడు సార్! కెమెరాల్లో అన్నీ తప్పులే."

"ఉండండి. సౌండు పెంచు."

గాలి హోరు వెనక, ఎక్కడో దూరాన చర్చి మైకు. పాట. పాట ఆగి ఒక గొంతు, "ప్రభువు లేచాడు" అంటోంది. చాలా గొంతులు దానికి బదులు పలుకుతున్నాయి.

ప్రసన్నకుమార్ నిటారుగా కూర్చున్నాడు. "ఇది ఈస్టర్ వేకువ ఆరాధన. ఏడాదికొక్కసారే ఉంటుంది. ఈ ఏడు ఈస్టర్ ఏప్రిల్ పదకొండు. ఆ రోజు మా ఊళ్ళో నేనే మైకు పట్టుకున్నా. తేదీ సరిగ్గానే ఉంది ఎస్సైగారూ."

శ్రీకృష్ణ చెమట తుడుచుకున్నాడు. కిటికీలోంచి కాంపౌండు గోడ కనపడుతోంది. రెండు నెలల కిందటి ఓట్ల రాతలు సున్నం కింద నుంచి ఇంకా తొంగి చూస్తున్నాయి. అతను మొహం తిప్పుకున్నాడు.

తేదీ ఏదైతేనేం! లైసెన్సు పుస్తకం తప్ప ఈమె దగ్గర ఇంకో కాగితం లేదు. నెల కిందట ఇదే గుమ్మంలో నిలబడి, ఇల్లంతా వెతికినా ఆ ఒక్క కాగితం కనపడలేదని ఆమే చెప్పుకుని ఏడ్చింది.

రాసి ఉంచిన కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. "సంతకం పెట్టు. ఒప్పుకుంటే జడ్జిగారికి జాలేస్తుంది. లేదా ఇట్నుంచిటే లోపలికి."

సుబ్బరావమ్మ పెన్ను తీసుకోలేదు. రేంజరు వైపు తిరిగింది.

"అయ్యా, ఆ తేదీ ఖాయమేనా? మళ్ళీ మారదుగా?"

"ఖాయమే అమ్మా. కావాలంటే నేను రాసిస్తాను."

"ఆ మాట చాలు."

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. మందుల బిల్లుల మధ్య నుంచి నాలుగు మడతల పసుప్పచ్చ కాగితం లాగింది. దాన్ని బల్ల మీద, సరిగ్గా తుపాకీ పక్కన పరిచింది.

"ఎలక్షన్లని మార్చి పదిహేనున నా తుపాకీ ఈ స్టేషన్లో పెట్టించుకుని, ఇవాళ్టిదాకా తిరిగివ్వకుండా తిప్పించుకుంటున్నారు ఎస్సైగారూ, ఇదిగో మీ సంతకమున్న రసీదు, ఆ ఈస్టర్ పొద్దున దాన్ని ఈ స్టేషన్లోంచి బయటికి తీసుకెళ్ళిందెవరో రేంజరుగారి ముందు ఇప్పుడే రాయండి!"