పక్క కుర్చీ దర్శకుడు

"అద్భుతం! ఆ అమ్మాయి కళ్లు చూశావా డెనిస్? షాట్ ఓకే!" అన్నాడు వెండెల్ స్టోక్స్, ఎదురుగా ఉన్న మానిటర్‌కేసి వేలు చూపిస్తూ.

మానిటర్ నల్లగా ఉంది. ఎవరి కాలో తగిలి వైరు ఊడిపోయినట్టుంది. డెనిస్ కోవాక్ ఆ నల్లటి తెరను చూశాడు. దాన్నే చూస్తూ మురిసిపోతున్న ముసలాయన్ని చూశాడు.

"సార్, మానిటర్ ఆగిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి.

స్టోక్స్ వేలు గాల్లోనే ఉండిపోయింది. "ఎప్పట్నుంచి?"

"షాట్ మొదలవకముందు నుంచీ."

"అయితే నీ పంట పండిందోయ్," అన్నాడు ముసలాయన మెల్లగా చెయ్యి దించుతూ.

నిజానికి డెనిస్ అక్కడ ఉన్నదే అందుకు. స్టోక్స్ రెండు ఆస్కార్లు కొట్టిన మనిషే కావచ్చు, హాలీవుడ్ అంతా ఆయన పేరు చెబితే లేచి నిలబడొచ్చు. కానీ ఎనభై దాటిన దర్శకుడంటే ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోదు. పక్కన ఇంకో దర్శకుణ్ణి కూర్చోబెట్టమంటుంది. పెద్దాయన మంచాన పడితే ఇతను లేచి సినిమా పూర్తి చేయాలి. పడకపోతే కూర్చోవడమే ఉద్యోగం. తీసిన ఒక్క సినిమా బోల్తా కొట్టాక డెనిస్‌ని నమ్మి ఎవరూ ఇంకో సినిమా ఇవ్వలేదు. దొరికింది ఈ కుర్చీ ఒక్కటే. యూనిట్‌లో వాళ్లు అతనికి పెట్టిన పేరు రాబందు. చాటుగా అనేవాళ్లు కొందరు, మొహం మీదే అనేవాళ్లు ఎక్కువమంది.

"ఎన్నాళ్లయింది సార్?"

"ఎడంకన్ను ఎప్పుడో పోయింది. కుడిది ఈ సినిమా మొదలయ్యాక మొండికేసింది. వెలుగూ నీడా తెలుస్తాయంతే. గొంతులు విని నెట్టుకొస్తున్నా." ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి డెనిస్ మోచేతిని పట్టుకుంది. "రేపు ఆ ఇన్సూరెన్స్ ఫిస్క్ వస్తాడు. చెప్పకయ్యా. ఇదే నా ఆఖరి సినిమా. నిన్ను బతిమాలుకుంటున్నా."

కాలేజీల్లో పాఠాలుగా చెప్పుకునే మనిషి తనని బతిమాలుకోవడం చూసి డెనిస్‌కి ఏడుపొచ్చినంత పనైంది. చెబితే సినిమా తనది. చెప్పకపోతే మళ్లీ ఇదే కుర్చీ. అవుననలేక, కాదనలేక తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం కూడా ఆయనకి కనబడదని తర్వాత గుర్తొచ్చింది.

లంచ్ తర్వాత వంటింటి సీను. యుద్ధానికి వెళ్లిన భర్త ఇక రాడని భార్యకి తెలిసే ఘట్టం. యూనిట్ అంతా స్టోక్స్ మాట కోసం ఎదురుచూస్తోంది. ఆయన డెనిస్ వైపు వంగాడు.

"నువ్వయితే ఎలా తీస్తావ్?"

"నేనా?" డెనిస్ తడబడ్డాడు. ఆ సీను ఎన్నిసార్లు మనసులో తీసుకున్నాడో అతనికే తెలియదు. "మొహం చూపించను సార్. కెమెరాని గుమ్మం దగ్గర పెట్టి కదపను. ఆమె వీపు కనబడుతుంది. పొయ్యి మీద కెటిల్ కూతపెడుతూనే ఉంటుంది. ఆమె లేవదు."

"గుడ్డివాడికి సరిపోయే షాట్ చెప్పావే!" ముసలాయన చప్పుడు కాకుండా నవ్వాడు. తర్వాత గొంతు పెంచి అలాగే తీయమన్నాడు.

తీశారు. కెటిల్ అరిచి అరిచి ఆగేదాకా ఒక్కరూ కదల్లేదు. ఆ తర్వాత సెట్టంతా చప్పట్లు. అసిస్టెంట్ డైరెక్టర్ రోండా కళ్లు తుడుచుకుంటూ డెనిస్ దగ్గరికొచ్చింది.

"చూశావా రాబందూ? డైరెక్షన్ అంటే అదీ! తేరగా కూర్చున్నందుకు ఇదైనా నేర్చుకుపో."

డెనిస్ కూడా చప్పట్లు కొట్టాడు. అంతకంటే ఏం చేయగలడు? స్టోక్స్ మాత్రం కొట్టలేదు. ప్యాకప్ చెప్పేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు చెప్పేయాలనే నిశ్చయించుకుని వచ్చాడు డెనిస్. ఇందులో తప్పేముంది? జీతమిస్తున్నదే అందుకు. పైగా నిన్నటి చప్పట్లు ఎవరివి? దారంతా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

ఫిస్క్ వచ్చాడు. డెనిస్‌ని సెట్ బయటికి, తలుపు పక్కకి తీసుకెళ్లాడు.

"ఒక్క ప్రశ్న అడుగుతా. బాగా ఆలోచించి చెప్పు. తర్వాత మాట మారిస్తే నువ్వు అబద్ధాలకోరువని ఇంకెవరూ నిన్ను పెట్టుకోరు. ఆయనకి కళ్లు కనబడుతున్నాయా?"

డెనిస్ ఉలిక్కిపడ్డాడు. వీడికెవరు ఊదారు?

తెరిచిన తలుపులోంచి స్టోక్స్ కనబడుతున్నాడు. లోపల హీరోయిన్ అమ్మాయి డైలాగులు వల్లె వేసుకుంటోంది. ఆయన కళ్లు మూసుకుని, ఆమెతో పాటే పెదవులు కదుపుతున్నాడు. ఒక్క మాట చాలు, ఆ కుర్చీ తనదవుతుంది. కానీ ఆ మనిషిని లేపి అందులో కూర్చోవడం తనవల్ల కాదని డెనిస్‌కి అప్పుడే తెలిసింది. తన చేతకానితనం మీద తనకే కోపం వచ్చింది.

"భేషుగ్గా కనబడుతున్నాయి," అన్నాడు. "కళ్లు లేనివాడు నిన్నటి వంటింటి షాట్ తీయగలడా, మీరే చెప్పండి?"

"అదే కదా నేననుకున్నదీ!" ఫిస్క్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని అతని చెయ్యి ఊపేశాడు. "ముసలాడిది భలే వేళాకోళమయ్యా. నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసి, 'నాకు కళ్లు పోయాయి, ఆ వంటింటి షాట్ కూడా డెనిస్‌దే, సినిమా అతనికిచ్చేయండి' అన్నాడు!"