పనీపాటా లేనివాళ్ల పెళ్లి

“ఎవడి పెళ్లో ఎవడో చేసుకుంటుంటే మనం నోరెళ్లబెట్టుకుని చూడ్డమేంటే? పనీపాటా లేనివాళ్ల యవ్వారం కాకపోతే!” అంటూ మొగుడు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

“ఎవడో కాదండీ, మన దేశపు యువరాజు,” అంది ఆవిడ కుట్టుమిషను మీద గుడ్డ కప్పుతూ. “ఇరవై రెండేళ్లలో మిమ్మల్నేం కోరాను? ఆదివారం పూట రెండు గంటలు నా పక్కన కూర్చుని టీవీ చూడమన్నాను. అంతేగా!”

“డ్యూటీ ఉంది.”

“సెలవు పెట్టండి.”

“యువరాజు పెళ్లని రాయనా సెలవు చీటీలో? నలుగురూ నవ్విపోతారు.”

వారం రోజులుగా ఇంట్లో ఇదే గోల. వీధి వీధంతా ఆ పెళ్లి కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు ఈయన మాత్రం కనబడ్డవాళ్లనల్లా వెక్కిరించాడు. “ఆ పెళ్లి నేను చూశానంటే మీసం తీయించుకుంటా,” అని వీధి మధ్యలో పందెం కూడా కాశాడు. కరెంటాఫీసులో పాతికేళ్ల ఉద్యోగం, వేళాపాళా లేని డ్యూటీలు. ఆయన వచ్చేసరికి ఆవిడ మిషను మీద ఉంటుంది, ఆవిడ లేచేసరికి ఆయన గురక మీద ఉంటాడు. నిజం చెప్పాలంటే ఆవిడకి పెళ్లి మీద మోజు సగమే. మిగతా సగం, ఆయన పక్కన తీరిగ్గా ఓ పూట కూర్చోవాలని.

ఆయన వెళ్లిపోయాడు. ఆవిడ ముక్కు చీదుకుని, టీవీ పెట్టుకుని, అత్తగారి పక్కన కూలబడింది.

“కరెంటు కెటిల్ పెట్టి కాస్త టీ పడెయ్యవే అమ్మాయ్,” అంది అత్తగారు.

“పెళ్లయ్యేదాకా ఇక్కణ్నించి కదిలేది లేదత్తయ్యా. ఆగండి.”

ఏ నిమిషానికి ఏం జరుగుతుందో పేపర్లో వేశారని ఆ కాగితం ఆవిడ టీవీ కింద దాచుకుంది. చెయ్యి పెడితే లేదు.

“అదా? పొద్దున్నే నా కొడుకు మడిచి జేబులో పెట్టుకున్నాడే,” అంది అత్తగారు.

“ఆయనకెందుకూ అది?”

“నాకేం తెలుసు? పైగా ఎర్ర పెన్సిల్ కూడా వెతుక్కున్నాడు.”

ఆవిడ వెంటనే మొగుడి సెల్లుకి ఫోను కొట్టింది. రెండోసారికి ఎత్తాడు.

“తర్వాత మాట్లాడతా, తల తిప్పుకునే తీరిక లేదు!” అని గుసగుసగా అన్నాడు. ఆ గుసగుస వెనక బాకాలు మోగాయి. ఎదురుగా తన టీవీలో మోగుతున్నవీ సరిగ్గా అవే బాకాలు! ఫోను ఠక్కున కట్టయింది.

“అత్తయ్యా, మీ అబ్బాయి ఎక్కడో కూర్చుని పెళ్లి చూస్తున్నాడు!”

“వాడా? ఛ!”

“ఛ కాదు, ఛీ!” అంటూ ఆవిడ లేచింది. యువరాజు పెళ్లి ఏమైపోయినా సరే, మొగుడి బండారం బయటపెట్టి తీరాలి. అన్నం క్యారియర్ సాకుగా చేతికి తగిలించుకుని కరెంటాఫీసు దాకా ఉన్న రెండు వీధులూ రెండంగల్లో దాటేసింది.

వాచ్‌మన్ క్యారియర్ చూసి, “లోపల చివరి గదమ్మా,” అన్నాడు.

తలుపు తోసింది. గోడనిండా గడియారాల్లాంటివేవో ఉన్నాయి. మధ్యలో పెద్ద టీవీ. దాని ముందు కుర్చీలో, కనురెప్ప కొట్టకుండా, సాక్షాత్తూ తన మొగుడు! ఒళ్లో పేపరు ముక్క, దాని మీద ఎర్ర గీతలు. చెవి దగ్గర ఆఫీసు ఫోను.

“ఉంగరాలు మార్చుకున్నారు,” అంటున్నాడు ఫోనులో, మెత్తగా. “ఆఁ, ఆఁ, మెట్లు దిగుతున్నారు. ఇంకో రెండు నిమిషాలే. లైన్లోనే ఉండు, నేను చెప్పేదాకా కదలకు.”

తన పక్కన కూర్చుని చూడనన్న పెళ్లిని ఇంకెవరికో పూసగుచ్చినట్టు చెప్తున్నాడు! మీసాల పందెమూ, డ్యూటీ డాబూ ఇందుకా? ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“దొరికారు!” అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ టీవీ మీంచి చూపు తిప్పలేదు. “ఇప్పుడు కాదే. నీకు పుణ్యముంటుంది, ఒక్క నిమిషం ఆగు.”

“ఇరవై రెండేళ్లు ఆగాను. ఎవరండీ అది?”

“అన్నీ ఇంటికొచ్చి చెప్తా. వీధిలో మాత్రం అనకు, మీసం పోతుంది.”

“మీసం గొడవ తర్వాత, ముందు ఆవిడెవరో చెప్పండి!”

“ఆవిడా? ఏ ఆవిడ?”

టీవీలో కొత్త దంపతులు గుర్రబ్బగ్గీ ఎక్కారు. బగ్గీ కదిలింది. జనం చేతులూపారు, తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆయన ఫోనులో ఏదో అనబోయి నోరు తెరిచాడు. అంతలోనే ఆవిడ క్యారియర్ కింద పడేసి ఆ ఫోను లాక్కుంది.

“అయ్యయ్యో, ఇటివ్వవే! కొంప మునుగుతుంది!”

“మునగనివ్వండి!” అని, వెనక్కి నాలుగడుగులేసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. “ఎవరే నువ్వు? నా మొగుడితో పెళ్లి కబుర్లేంటే నీకు?”

అవతల ఓ ముసలి మగగొంతు కంగారుగా దగ్గింది.

“డ్యామ్ నుంచమ్మా, పెళ్లయిపోగానే దేశమంతా టీకని ఒక్కసారే కరెంటు కెటిళ్లు పెడితే ఉన్న కరెంటు చాలదు, టర్బైన్లకి నీళ్లొదలడానికి గేట్లు ఎత్తమంటారా?”